జాతరలో చీర, స్కిట్‌లో చీర

మే నెల ఎండలో తిరుపతి తాతయ్యగుంట వైపు నడిస్తే మీసం తీయకుండానే చీర కట్టిన మగవాళ్లు ఎదురవుతారు. నెత్తిన సవరం, దాని మీద మూరల కొద్దీ కనకాంబరాలు, మెడలో ఇంట్లోవాళ్ల నగలు, చేతుల నిండా గాజులు. కొందరు ఆ వేషంలోనే బైకు నడుపుకుంటూ వస్తారు, ముందర ట్యాంకు మీద పాప కూచుని ఉంటుంది. ఎవరూ వేలెత్తి చూపించి నవ్వరు. గంగ జాతరలో అది మొక్కు.

ఆ ఇంట్లోనే రాత్రికి టీవీలో కామెడీ షో పెడితే ఇంకో మగవాడు చీర కట్టుకుని వస్తాడు. అతను నోరు తెరవకముందే నవ్వులు మొదలవుతాయి. ఒకే ఊరు, ఒకే జనం, అదే చీర. పొద్దున దండం పెట్టించుకున్నది రాత్రికి తన్నులు తింటోంది. మగవాడు ఆడవేషం వేయడమే ఆడవాళ్లకు అవమానం అని తేల్చేసే వాదన ఒకటుంది. హైదరాబాదు స్టూడియోలో అది చెల్లుతుందేమో గానీ తిరుపతిలో చెల్లదు. ఇక్కడ చీర కట్టని మగవాడే మొక్కు ఎగ్గొట్టినవాడు. కాబట్టి తప్పు ఎక్కడుందో చీరను దాటి వెతకాలి.

జాతర కథ ఊళ్లో అందరికీ తెలిసిందే. ఆడపిల్లలను చెరబట్టే పాలెగాడు ఒకడు అవిలాలలో పెరిగిన గంగమ్మ మీద కన్నేశాడు. ఆమె అసలు రూపం చూపేసరికి పారిపోయి దాక్కున్నాడు. అతన్ని వెతకడానికి ఆమె రోజుకొక వేషం కట్టింది. బైరాగి, బండ, తోటి, దొర. తన దొర వచ్చాడనుకుని పాలెగాడు బయటికి వచ్చాడు, తల తెగింది. మర్నాడు మాతంగి వేషం. ఈ వేషాలను ఊరి తరఫున కట్టేది కైకాల కుటుంబాల మగవాళ్లు. అంటే ఒక మగవాడు దేవతగా మారి, ఆ దేవత మళ్లీ మగవాడి వేషం కట్టి, ఆడవాళ్లను ఏడిపించిన మగవాణ్ణి పట్టుకుంటుంది. ఏ స్కిట్ రైటరూ ఇంత మెలిక ఉన్న గెటప్ రాయలేదు.

ఆ రోజుల్లో వేషధారుల నోట బూతులు కూడా వినిపిస్తాయి. దాక్కున్న పాలెగాణ్ణి రెచ్చగొట్టి బయటికి లాగడానికే ఆ తిట్లని పెద్దవాళ్లు చెబుతారు. బూతు ఉంది, మగవాడి ఒంటి మీద చీర ఉంది, గోల ఉంది, నవ్వూ ఉంది. టీవీ స్కిట్ మీద వచ్చే ఫిర్యాదుల జాబితా అంతా జాతరలో ఉంది. లేనిదల్లా ఒక్కటే. అక్కడ తిట్టు తగిలేది పాలెగాడికి.

ఇక టీవీ. ఈటీవీలో జబర్దస్త్ 2013 ఫిబ్రవరిలో మొదలైంది. తెలుగులో స్కిట్ అనే మాటకు ఇంటింటా అర్థం తెచ్చింది ఆ షోనే. అంతకు ముందు కాలేజీ వార్షికోత్సవాల్లోనే వినిపించిన మాట అది. ధన్‌రాజ్, వేణు, రాకెట్ రాఘవ, చమ్మక్ చంద్ర, చలాకీ చంటి లాంటి వాళ్లు మొదట్లో టీమ్ లీడర్లు. అందరూ మగవాళ్లే. స్కిట్‌కు ఒక కొలత స్థిరపడింది. ఎంట్రీ, ఒక సెట్టు, ఇద్దరు ముగ్గురు మనుషులు, ఒక్కో డైలాగుకు ఒక పంచ్, పంచ్‌కు కౌంటర్, చివర్లో ఒక తిప్పు. ప్రతి పంచ్ తర్వాత కెమెరా జడ్జి మొహం మీదికి వెళ్తుంది. ఇంట్లో కూచున్నవాళ్లకు ఎప్పుడు నవ్వాలో ఆ మొహమే చెబుతుంది.

తక్కువ నిమిషాల్లో ఎక్కువ పంచ్‌లు పడాలంటే మనిషిని పరిచయం చేసే తీరిక ఉండదు. చూడగానే ఎవరో తెలిసిపోవాలి. అందుకే స్కిట్ రైటరు అచ్చుబొమ్మలను వెతుక్కుంటాడు. అనుమానం పెళ్లాం, వంట రాని పెళ్లాం, డబ్బుకు చచ్చే పెళ్లాం, లావుపాటి మరదలు, నల్లటి పెళ్లికూతురు, గయ్యాళి అత్త. మగవాళ్లకూ అచ్చుబొమ్మలున్నాయి. తాగుబోతు, బకరా, సోంబేరి. కానీ తాగుబోతు మీద జోకు వాడు చేసిన పని మీద పడుతుంది. నల్లటి పెళ్లికూతురి మీద జోకు ఆమె పుట్టుక మీద పడుతుంది. తాగడం మానేయొచ్చు. రంగు ఎక్కడ మానేస్తుంది?

గయ్యాళి అత్త సినిమా నుంచి వచ్చిన సొత్తు. సూర్యకాంతం ఆ పాత్రను ఎంత గట్టిగా పండించిందంటే ఆడపిల్లలకు ఆ పేరు పెట్టడమే జనం మానుకున్నారని అంటారు. అయినా సూర్యకాంతం అత్తకు సినిమా నిడివి దొరికింది. ఆమె కోపానికి కారణాలు, ఇంటి మీద ఆమె పెత్తనానికి ఒక లెక్క, చివర్లో మారడానికి చోటు ఉండేవి. స్కిట్‌కు వచ్చేసరికి అత్తకు మిగిలింది గొంతు ఒక్కటే.

ఇప్పుడు లేడీ గెటప్ సంగతి. తెలుగు రంగస్థలానికి ఇది కొత్త కాదు. స్థానం నరసింహారావు సత్యభామగా వస్తే చూడ్డానికి జనం బండ్లు కట్టుకుని వెళ్లేవారు. 1956లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణశర్మ భామాకలాపం అలాంటిదే. ఆడవాళ్లు స్టేజీ ఎక్కడం తప్పనుకున్న కాలంలో ఆ ఖాళీని మగవాళ్లు నింపారు. పక్కనే కడప జిల్లాలో 1885లో పుట్టిన సురభి నాటక సమాజంలో ఇంటి ఆడవాళ్లే ఆడవేషాలు కట్టారు. కాబట్టి ఆడవాళ్లు దొరకలేదు అన్న మాట ఆ కాలంలోనే పూర్తి నిజం కాదు. చిత్తూరు పల్లెల్లో ద్రౌపది గుళ్ల దగ్గర భారతం ఆడేటప్పుడు ఈనాటికీ ద్రౌపది వేషం మగవాడిదే. తెల్లవార్లూ ఆట ముందు చాప పరుచుకుని కూచునే ఆడవాళ్లకు ఆయన గడ్డం గీసిన చెంప కనబడదు, ద్రౌపది విరబోసిన జుట్టే కనబడుతుంది.

సత్యభామ వేషధారి ఆడతనాన్ని నేర్చుకునేవాడు, దానికి ఏళ్లు పట్టేది. స్కిట్‌లో లేడీ గెటప్ ఎందుకుందో చూస్తే పని వేరేగా ఉంటుంది. నిజం ఆడమనిషిని టీవీలో తన్నితే, జుట్టు పట్టి ఈడిస్తే, నడుము గిల్లితే గొడవవుతుంది. మగవాడికి చీర కడితే అవన్నీ చేయొచ్చు. నటుడికి దెబ్బ తగలదు, నటుడు మగవాడు కనుక ఎవరూ తప్పు పట్టరు. కథలో దెబ్బ తిన్నది మాత్రం పెళ్లామే. అంటే గెటప్ ఒక రకమైన గొడుగు. ఆడవాళ్ల మీద చేయకూడదని అందరికీ తెలిసిన పనిని ఆడపాత్ర మీద చేయడానికి అది నీడ ఇస్తుంది.

ఆ గెటప్‌లు వేసిన మనుషుల మాట ఇంకొకటి. స్కిట్ బయట కూడా వాళ్లను అదే పేరుతో పిలిచి నవ్వడం మామూలైపోయింది. సాయితేజగా లేడీ గెటప్‌లు వేసిన నటి తర్వాత ప్రియాంక సింగ్‌గా బయటికి వచ్చి 2021లో బిగ్‌బాస్ ఇంట్లో అడుగుపెట్టింది. ఆమె తన జీవితం గురించి చెప్పుకున్నాకైనా, చీర కట్టిన ప్రతి మగ నటుణ్ణీ "నువ్వు ఆడా మగా" అని అడిగే పాత పంచ్ చచ్చిపోవాల్సింది. చావలేదు.

గెటప్ వల్ల ఇంకో నష్టం ఉంది, పైకి కనబడనిది. మగవాడు ఆడపాత్ర వేసినన్నాళ్లూ ఆడమనిషిని తీసుకోవాల్సిన అవసరం రాదు. దీనికి అమెరికాలో ఒక స్పష్టమైన ఉదాహరణ ఉంది. సాటర్‌డే నైట్ లైవ్ అనే స్కిట్ షోలో నల్లజాతి ఆడపాత్రలను కొన్నేళ్లపాటు కెనన్ థాంప్సన్ అనే నల్లజాతి నటుడు గౌను వేసుకుని నడిపించాడు. 2013లో ఇక ఆ వేషాలు వేయనన్నాడు. షోలో నల్లజాతి నటి ఒక్కరూ లేరన్న సంగతి అప్పుడు గట్టిగా బయటపడింది. విమర్శలు రేగాయి. 2014 జనవరిలో సషీర్ జమాటాను తీసుకున్నారు, ఇద్దరు నల్లజాతి ఆడ రైటర్లనూ తీసుకున్నారు. ఆ ఇద్దరిలో ఒకరైన లెస్లీ జోన్స్ ఆ ఏడాదే తెర మీదికీ వచ్చింది. ఒకడు గౌను విప్పేసరికి ముగ్గురికి ఉద్యోగాలొచ్చాయి.

ఆ షో చరిత్రలో మరో పాఠం ఉంది. 1975లో మొదలైనప్పుడే అందులో నటీమణులు ముగ్గురున్నారు, ఆడ రైటర్లూ ముగ్గురున్నారు. అంకెలు చూస్తే అన్నీ సరిగానే ఉన్నట్టు. కానీ ఆనాటి నటి జేన్ కర్టిన్ చాలా ఏళ్ల తర్వాత, 2011లో, ఒక టీవీ కార్యక్రమంలో చెప్పింది. సహనటుడు జాన్ బెలూషీ ఆడ రైటర్లు రాసిన స్కిట్లు చదివేటప్పుడు కావాలనే గొంతు తగ్గించి వాటిని చంపేసేవాడట. ఆడవాళ్లకు నవ్వించడం రాదన్నది అతని నమ్మకం. ఆ షోకు ఒక మహిళ హెడ్ రైటర్ కావడానికి 1999 దాకా పట్టింది, ఆమె టీనా ఫే. మనుషులు గదిలో ఉండడం వేరు, వాళ్లు రాసిన కాగితం మీద జనం నవ్వే దాకా దాన్ని బతకనివ్వడం వేరు.

అంతకు ముందే కరోల్ బర్నెట్ అనే కమెడియన్ 1967లో సొంత షో పెట్టింది. ఇలాంటి షోలు మగవాళ్ల ఆట అని చానెల్ పెద్దలు నచ్చజెప్పబోయారు. ఆమె ఒప్పందంలో ఒక షరతు ఉంది కాబట్టి వాళ్లు ఒప్పుకోక తప్పలేదు. 11 సీజన్లు నడిచింది, 1978 దాకా. అందులో ఒక స్కిట్‌లో కర్టెన్ బట్టతో గౌను కుట్టుకున్న రాణిలా ఆమె మెట్లు దిగి వస్తుంది, భుజాల మీద కర్టెన్ రాడ్డు అలాగే ఉంటుంది. ఒళ్లు మీద జోకు లేదు, మొగుడి మీద జోకు లేదు. గొప్పలకు పోయే మనిషి మీద జోకు. ఇది తెలుగు స్కిట్‌కు అసలు పరాయి సరుకు కాదు. మన పెళ్లిళ్లలో ఇలాంటి గొప్పలు బస్సు నిండా దొరుకుతాయి.

2013కు మళ్లీ రావాలి, ఆ ఏడాది విచిత్రమైనది. 2012 డిసెంబరులో ఢిల్లీ ఘటన జరిగింది. 2013లో అత్యాచార చట్టాలు మారాయి, పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద కొత్త చట్టం వచ్చింది. సరిగ్గా ఆ నెలల్లోనే తెలుగులో జబర్దస్త్, హిందీలో కపిల్ శర్మ కామెడీ నైట్స్ షో మొదలయ్యాయి. రెండూ లేడీ గెటప్‌ల మీద నిలబడ్డవే. హిందీ షోలో నాయనమ్మా, గుత్తీ, పలక్ ముగ్గురూ మగవాళ్లు. పెళ్లాంగా నటించిన నిజమైన నటి మాత్రం తన మూతి మీద వేసే జోకులు వింటూ నిలబడాల్సి వచ్చేది. అమెరికాలో ఆ ఏప్రిల్‌లోనే ఎమీ షూమర్ అనే కమెడియన్ స్కిట్ షో మొదలైంది. 2015లో అందులో ఒక ఎపిసోడ్ అంతా పన్నెండు మంది మగవాళ్లు ఒక గదిలో తలుపేసుకుని, ఈ ఆడది టీవీలో కనబడేంత అందంగా ఉందా లేదా అని వాదించుకోవడమే. పెళ్లిచూపుల హాలు తెలిసిన తెలుగు ప్రేక్షకుడికి దానికి వివరణ అక్కర్లేదు. ముంబైలో ఏఐబీ అనే బృందం 2013 సెప్టెంబరులో యూట్యూబులో ఒక స్కిట్ పెట్టింది. అత్యాచారం జరిగితే తప్పు నీదే అని ఆడపిల్లకు చెప్పే సలహాలన్నీ వరసగా, చిరునవ్వుతో, ఇద్దరు అమ్మాయిలే చెబుతారు. చివరికొచ్చేసరికి వాళ్ల మొహాల నిండా గాయాలు. దేశమంతా దాన్ని చూసింది. 2018లో అదే బృందం తమతో పనిచేసిన ఒక కమెడియన్ మీద వచ్చిన ఆరోపణలు తెలిసీ ఊరుకుందన్న నిందతో కూలిపోయింది. తెర మీద స్త్రీవాదం రాసిన గదిలో ఏం నడుస్తుందో తెర చెప్పదు.

చిత్తూరు జిల్లాకు జబర్దస్త్‌తో ఒక నేరు సంబంధం ఉంది. జబర్దస్త్ జడ్జి కుర్చీలో తొమ్మిదేళ్లు కూచున్న రోజా 2014 నుంచి 2024 దాకా నగరి ఎమ్మెల్యే. అసెంబ్లీలో ఒక పార్టీ గొంతు, రాత్రికి టీవీలో నవ్వు. 2022లో మంత్రి అయ్యాక ఆ కుర్చీ వదిలేసింది. ఆవిడ రాజకీయాలు ఇక్కడ పక్కన పెడదాం. చూడాల్సింది ఆ కుర్చీని. పెళ్లాం మీద పంచ్ పడగానే కెమెరా ఎవరి మొహం మీదికి వెళ్లేది? ఒక ఆడమనిషి మొహం మీదికి. ఆవిడే నవ్వుతోంది కదా, మనదేం పోయింది అని ఇంట్లో ఆడవాళ్లకు కూడా అనిపించేలా ఆ నవ్వు పనిచేసింది. దానికి తప్పంతా ఆవిడ నెత్తిన పెట్టడం సులువు. కానీ కుర్చీ చేతిలో మార్కులే ఉంటాయి, కలం ఉండదు. పైగా బయట రాజకీయ ప్రత్యర్థులు ఆవిణ్ణి ఎత్తిపొడవడానికి వాడింది కూడా ఆ షో పేరునే. అదే వేదిక మీద రెండో జడ్జిగా ఉన్న నాగబాబు కూడా రాజకీయాల్లోకి వచ్చాడు. నవ్విన పాపం ఆయనకు అంతగా అంటలేదు.

షోలో ఆడవాళ్లు తర్వాత తర్వాత పెరిగారు. చమ్మక్ చంద్ర స్కిట్లలో పెళ్లాంగా వచ్చిన సత్యశ్రీ టైమింగ్‌తో మొగుడికి సమానంగా నిలబడింది. రోహిణి, ఫైమా వచ్చాక గెటప్ అక్కర్లేకుండా ఆడమనిషే కిందా మీదా పడి నవ్వించగలదని తేలింది. మంచిదే. ఫైమా మీద పడే పంచ్‌లు మాత్రం ఆమె రూపం మీదే పడుతూ వచ్చాయి. ఎదుటివాడు అనకముందే ఆమే తన మీద అనేసుకునేది. అది తెలివా, లొంగుబాటా? రెండూ కావచ్చు. ముందుగా తనను తాను కొట్టుకునే మనిషికి దెబ్బ ఎంత గట్టిగా పడాలో తేల్చే హక్కయినా మిగులుతుంది.

ఆడది రాస్తే స్కిట్ నీతిపాఠం అయిపోతుందని ఒక భయం ఉంది. దానికి ఈ నేలే జవాబు చెబుతుంది. పాత చిత్తూరు జిల్లా తరిగొండలో పుట్టిన వెంగమాంబ 18వ శతాబ్దంలోనే యక్షగానాలు రాసింది. భక్తురాలిగానే గుర్తుపెట్టుకున్నాం గానీ, ఆడడానికీ పాడడానికీ పనికొచ్చే నాటకాలు రాసిన మనిషి ఆమె. యక్షగానానికి దగ్గరి చుట్టమైన కురవంజిలో సింగీ సింగడూ అనే జంట ఉంది. ఎక్కడెక్కడో తిరిగి సోది చెప్పి వచ్చిన సింగిని సింగడు నిలదీస్తాడు, ఈ నగలు నీకెక్కడివని. అనుమానం మొగుడి స్కిట్‌కు ముత్తాత అదే. సంపాదించుకొచ్చింది సింగి, ఖాళీగా కూచున్నది సింగడు. ఒక్కో నగకూ ఆమె దగ్గర జవాబుంది, మాట మాటకూ ఓడిపోయేది సింగడే. మన టీవీ స్కిట్ ఆ జంటను తెచ్చుకుని సింగి జవాబులను కత్తిరించేసింది.

ఇవాళ్టి సింగికి చిత్తూరులో నగలు దొరికే చోటు మామిడి గుజ్జు ఫ్యాక్టరీ. తోతాపురి సీజన్ వస్తే జూన్, జూలైల్లో పల్లెల నుంచి ఆడవాళ్లు షిఫ్టులకు వస్తారు. ఒళ్లంతా మామిడి వాసనతో రాత్రి ఇల్లు చేరిన పెళ్లాన్ని మొగుడు అడుగుతాడు: "ఏమ్మే, ఇంత పొద్దుపోయిందాకా యాడుండావు?" టీవీలో అయితే ఇక్కణ్ణించి ఆమె మీద అనుమానం పంచ్‌లు మొదలవుతాయి. ఆమె వైపు నుంచి రాస్తే ప్రశ్న మారుతుంది. ఈయన పొద్దుటి నుంచీ యాడుండాడు? ఎసట్లో బియ్యం ఎందుకు పడలేదు? పక్కింటాయన కూడా ఇదే ప్రశ్న అడిగి, ఇలాగే వాకిట్లో కూచుని, ఇద్దరూ కలిసి పెళ్లాల కూలి డబ్బుతో తోతాపురి రేటు గురించి రైతుల్లా బాధపడుతుంటే? అది నవ్వే. మొగుణ్ణి విలన్ చేయనక్కర్లేదు, అతని పెద్దరికాన్ని కాస్త ఎక్కువసేపు చూపిస్తే చాలు.

తిరుమల కల్యాణకట్టలో ఆడ క్షురకులున్నారు. ఇంట్లో పెళ్లాం మాట వినని మగవాడు అక్కడ ఒక ఆడమనిషి ముందు తల వంచుకుని, కదలకుండా, మాట్లాడకుండా కూచున్నాడనుకోండి. ఆమె చేతిలో కత్తి ఉంటుంది. ఇంతకంటే సిద్ధంగా ఉన్న సెట్టు ఏ స్టూడియోలో దొరుకుతుంది? ఇన్నేళ్లూ పెళ్లిచూపులూ పోలీస్ స్టేషనూ తిరిగి తిరిగి వాడుకున్నారు గానీ ఇలాంటి చోట్లకు స్కిట్ పోలేదు. పోకపోవడానికి కారణం పెద్ద కుట్ర ఏమీ కాదు. రాసేవాళ్లకు ఆ గది లోపలి నుంచి తెలియదు, అంతే. మగవాడికి ఆ గదిలో తన గుండే గుర్తుంటుంది. ఆమెకు పొద్దుటి నుంచీ వంగిన నడుమూ, ఏడ్చే పసివాళ్లూ, "మెల్లగా మ్మా" అని బతిమాలే మొనగాళ్లూ గుర్తుంటారు. జోకు ఆ వైపే ఉంది.

ఇప్పుడు ఫోనులో చిత్తూరు యాసతో రీళ్లు చేసే ఆడవాళ్లు కనబడుతున్నారు. రాసేదీ, ఆడేదీ, ఎడిట్ చేసేదీ తామే. కలం చేతికొచ్చినట్టే. అయినా ఎక్కువగా తిరిగేవి మళ్లీ మొగుడూ పెళ్లాం పాత పంచ్‌లే. పదేళ్లు టీవీ నేర్పిన నవ్వు అంత తొందరగా పోదు. యాస కూడా ఒక చిక్కు. గోదావరి వాళ్లకూ హైదరాబాదు వాళ్లకూ "పోతాండా", "వస్తాండా" వింటేనే నవ్వు వస్తుంది. మాటలో విషయం ఏముందో వినకముందే నవ్వేస్తారు. ఆడదని ఒకసారి, చిత్తూరుదని ఒకసారి, రెండు గెటప్‌లు మోస్తున్నట్టు అవుతుంది.

తిరుపతిలో ఆడపిల్లల కాలేజీలకు కొదవ లేదు. 1983లో మొదలైన పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఏకంగా ఆడవాళ్లదే. ఆడపిల్లలే ఉండే ఇలాంటి చోట వార్షికోత్సవానికి స్కిట్ వేయాలంటే మగపాత్రలు కూడా అమ్మాయిలే వేయాలి. లుంగీ ఎత్తి కట్టి, కాటుకతో మీసం దిద్దుకుని వస్తుంది ఒకమ్మాయి. పెళ్లిచూపులకు వచ్చిన వరుడు. కాలు మీద కాలేసుకుని, స్వీటు సగం కొరికి, "వంటొచ్చా?" అంటుంది. ఆ గొంతు ఎవరి నాన్నదో, ఎవరి మేనమామదో, హాల్లో ఉన్న అందరికీ తెలుసు. వరుడి పక్కన అతని అమ్మగా కూచున్న అమ్మాయికి గయ్యాళి గొంతు అక్కర్లేకపోయింది. కొడుకు స్వీటు కిందపడేస్తే కొంగుతో తుడుస్తూ ఊరుకుంటుంది, అంతే. హాలు పగిలిపోయేలా నవ్వుతుంది. స్కిట్ కాగితం రికార్డు పుస్తకం వెనక పేజీల్లో నలుగురి చేతిరాతల్లో ఉంటుంది, కొట్టివేతలతో. అయ్యాక పంపు దగ్గర మొహం కడుక్కుంటే మీసం సగం పోయి చెంపంతా నల్లగా అవుతుంది. కాటుక అంత సులువుగా పోదు.